మొదటి పేజీలో పదకొండు పేర్లు

అమెరికా దక్షిణాదిలో మా ఊరి కోర్టుకి ఓటు రాయించుకోడానికెళ్ళిన పదకొండు మంది నల్లవాళ్ళ పేర్లు మంగళవారం పేపర్లో మొదటి పేజీలోనే పడ్డాయి. పేరు, వీధి, ఎవరి దగ్గర పనో, అన్నీ. బుధవారం మధ్యాహ్నానికి పదకొండు మందికీ పని ఊడింది.

ఆ పేజీ అచ్చక్షరాలు పోతపోయడానికి సీసం కరిగించింది ఆన్సెల్. పేపరాఫీసు నేలమాళిగలో పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఎనిమిదో పేరు సొంత వదినది, కోరాది. ఏడుపు రాలేదతనికి, కోపమూ రాలేదు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మొక్కజొన్న రొట్టె తిన్నాడు.

పేపరు బీస్లీ దొరది, మామగారిచ్చింది. వరదలప్పుడు మా నల్లవాళ్ళ పేటకి పిండి బస్తాలు పంచి, ఆ ఫొటో తన పేపర్లోనే వేసుకున్నాడు. "మా ఊరి నల్లవాళ్ళు హాయిగా ఉన్నారు" అని ఇరవయ్యేళ్ళు రాసి రాసి మేయరయ్యాడు. ఎవర్నీ కొట్టిన మనిషి కాదు. పేర్లు వేశాడు, అంతే.

ఆదివారం ప్రార్థనయ్యాక చర్చిలోనే అందరూ కూర్చున్నారు.

"సీసం బాగా కరుగుతోందా మరిదీ?" అంది కోరా. జనం నవ్వారు.

"నేను మానేస్తే ఇంకోడు కరిగిస్తాడు వదినా."

"ఎవడ్రా ఆ ఇంకోడు?" పని పోయినోళ్ళలో ఒకడు, చాకిరేవు హోజియా లేచాడు. "ఆ సెగలో తెల్లోడు నిలబడతాడా? నేలమాళిగలో నీతో పనిచేసే ముగ్గురూ మనోళ్ళేగా. పదకొండు మందిమే వెళ్ళాం, పదకొండు పేర్లేశాడు. పేటంతా వెళ్తే? వండేవాళ్ళనీ ఉతికేవాళ్ళనీ ఒకేరోజు తీసేసి వాళ్ళేం తింటారు?"

సోమవారం పొద్దున కోర్టు ముందు మూడొందల మంది వరస. మేయరు టోపీ పెట్టుకుని కారు దిగాడు.

"ఆన్సెల్, ఇక్కడేం పనిరా? రేపటి పేపరుకి సీసం కాగాలి. పద, నేను చూడలేదనుకుంటాలే."

భయం వేస్తుందేమో అని చూసుకున్నాడు ఆన్సెల్. ఏమీ లేదు.

"నా పేరూ వేసుకోండి దొరా. ఆన్సెల్ ప్రూయిట్. పని మీ దగ్గరే."

"పందొమ్మిదేళ్ళు తిండి పెట్టాను. నా పేపరే ఆపుతావా?"

"నేనొక్కణ్ణే కాదు. నేలమాళిగలో వాళ్ళు ముగ్గురూ నా వెనకే ఉన్నారు."

"మా పేర్లన్నీ వేసుకోండి మేయరు గారూ," అంది కోరా. "సీసం మాత్రం మీరే కాచుకోండి."

పోలీసులు సీసం పనివాళ్ళు నలుగురికీ బేడీలేసి వ్యానెక్కించారు. వరసలో నలుగురి మేర ఖాళీ పడింది. వెనకవాళ్ళు నాలుగడుగులు ముందుకొచ్చారు. ఆ ఖాళీ లేదిక.

ముందుకొచ్చిన ముసలామె గుమాస్తా కిటికీ దగ్గర గట్టిగా చెప్తోంది. వ్యాన్లోంచి ఆన్సెల్‌కి వినబడుతోంది.

"ల్యూటీ హార్గ్రోవ్. పని, మేయరు గారి వంటింట్లో. రాసుకో నాయనా."