నిషాదం దగ్గర

"రేపటి సంది గా సరిగమలు బంద్. అమ్మకు తలకాయ నొస్తుందంట" అన్నాడు జనార్ధన్, అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూ. అండాలు మొగుడి ఎంగిలి కంచం తీసింది.

ఎల్బీనగర్ దాటాక వెలసిన ఆ కొత్త కాలనీలో ఇళ్ళకింకా సున్నాలే పడలేదు. పక్కింట్లో కిరాయికి దిగిన బెజవాడ టీచరమ్మ దగ్గర ఆర్నెల్లుగా మధ్యాహ్నాలు సంగీతం నేర్చుకుంటోంది అండాలు. ముప్పై రెండేళ్ళు వచ్చాక తనకంటూ అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. అందులోనూ ఒక్కచోట పాఠం ఎక్కడం లేదు. "ఈ కాకలి నిషాదం పైషడ్జాన్ని, అంటే పై 'స'ని, ఆనుకునే ఉంటుందమ్మా. దాని మీద ఆపితే మనసు నిలవదు, పైకి లాగేస్తుంది. నీకు తెలియట్లేదూ?" అనేది టీచరమ్మ. తెలిసేది కాదు. స, రి, గ, మ, ప, ద, ని... అక్కడ ఆగిపోయినా అండాలుకు ఏ వెలితీ తోచేది కాదు. ఎలా తోస్తుంది? నోటి దగ్గరి ముద్ద వదిలి లేచి మారు వడ్డించడం, తలంతా నురగతోనే స్నానం ఆపి బయటికొచ్చి తువ్వాలు వెతికివ్వడం, వచ్చిన ఏడుపును పోపు మాడకుండా దిగమింగడం. పదమూడేళ్ళుగా అన్నీ సగంలో వదిలి లేవడానికి అలవాటు పడిన ప్రాణం. ఆ మాట టీచరమ్మకు చెప్పుకోవడానికి సిగ్గేసింది.

గిన్నెలు తోమి, ఆఖరిసారి కదా అని వసారాలో కూర్చుంది. అత్త సైదమ్మ ఓ మూల చింతపండులో గింజలు తీస్తోంది. అండాలు సన్నగా గొంతెత్తి, ఒక్కో స్వరమే ఎక్కి, నిషాదం మీద నిలిచింది.

"చాయ్" అని లోపలి నుంచి కేక.

గొంతు ఆగింది. లేవబోయింది. అప్పుడు ఆ మూల నుంచి షడ్జం పలికింది, జీరగా, సరిగ్గా శ్రుతిలో. నల్లగొండ పొలాల్లో నాట్లప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించిన గొంతట అది. పట్నం వచ్చాక ఎవరూ వినలేదు.

"ఆడ్నే ఇడిసిపెడ్తే ఎట్లనే? పానం గుంజుతుంది" అంది సైదమ్మ తలెత్తకుండా.

"మీకు తలకాయ నొస్తదన్నరు గద, అత్తమ్మా?"

"నాకా? నన్నెవరడిగిన్రు?"

ఆర్నెల్ల పాఠం అండాలుకు ఆ క్షణాన అర్థమైంది. కళ్ళు నిండాయి. చాయ్ కోసం మళ్ళీ కేక వచ్చింది. ఆమె పీటను అత్త పక్కకు జరుపుకుని కూర్చుంది.

"పాలున్నయ్" అంది లోపలికి వినిపించేలా. "మా ఇద్దరికి గూడ పెట్టుండ్రి."