స్వయంగా పరిశీలించితిని

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: మరీ పనిమంతుడు. వార్డు ఎన్నికల్లో గెలిచింది నేను. మిగతా పనంతా పాపం ఆయనే చూసుకుంటారు. మీటింగులకు ఆయనే వెళ్తారు, ఫోన్లు ఆయనే ఎత్తుతారు, రిబ్బన్లు ఆయనే కత్తిరిస్తారు. సంతకం ఒక్కటే నాకు వదిలేశారు. అదీ ఆయన పెడితే చట్టం ఒప్పుకోదు కాబట్టి.

ఆ సీటు ఆడవాళ్లకు కేటాయించారని తెలిసినప్పుడు వారం రోజులు ఆయనకి ముద్ద దిగలేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి నా డిగ్రీ గుర్తొచ్చింది. "చదువుకున్నదానివి, ఇంట్లో ఎందుకు పడుండాలి?" అన్నారు. గెలిచిన రోజు ముందుగది నిండా జనం. నా గెలుపుకి నేనే ముప్పై ఆరు కప్పుల టీ పెట్టి లోపలినుంచి అందించాను. ఆ తర్వాత కూడా ఇంట్లోనే పడున్నాను. కాకపోతే గేటుకి నా పేరుతో బోర్డు వచ్చింది. కింద ఫోన్ నంబరు ఆయనది.

మొదట్లో పగలు గేటు చప్పుడైతే చాలు, చేతులు తుడుచుకుంటూ పరిగెత్తేదాన్ని. "సారున్నారా?" అనేవారు. లేరంటే "మళ్లీ వస్తాంలెండి" అని, నా మొహమైనా సరిగా చూడకుండా వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకి పరిగెత్తడం మానేశాను. సాయంత్రం ఆయన వచ్చి, "ఇవాళ మనం పార్కు గేటు సంగతి తేల్చేశాం" అనేవారు. ఆ మనంలో నేనూ ఉన్నాననుకుంటా.

సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించి కాగితాలు తెచ్చేవారు. పొయ్యి పక్కనే నిలబడి, చీటీ కనిపించిన చోట గీకేసేదాన్ని. సరుకులు కట్టిన పాత పేపరు ముక్కని కూడా చివరిదాకా చదివే మనిషిని. ఆ కాగితాలు మాత్రం ఒక్కటీ చదవలేదు. చదివితే మాత్రం ఎవరితో మాట్లాడాలి?

నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఒక్క సంచులావిడ. వెనక సందులో, ఇరుకు వరండాలో రెండు మిషన్లు వేసుకుని బడిపిల్లల సంచులు కుడుతుంది. నెలాఖరుకి వరండా ఖాళీ చేయమని ఇంటివాళ్లు చెప్పేశారు. కొత్త మార్కెట్లో ఆడవాళ్ల వ్యాపారాలకని వార్డుకో గది ఉంచారు. దానికి దరఖాస్తు పెట్టుకుంది. వస్తే మిషన్లు నిలుస్తాయి, రాకపోతే అమ్ముకోవాలి.

"మన వార్డు గది నాకు వస్తుందంటారా అక్కా?"

"ఎందుకు రాదు? నీకు కాకపోతే ఎవరికిస్తారు?" అన్నాను, అంతా నా చేతిలో ఉన్నట్టు.

మొన్న మంగళవారం వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు. చేతిలో జిరాక్సు కాగితం.

"జాబితాలో నా పేరు లేదక్కా. గది సిమెంటు కొట్టాయన భార్యకిచ్చారు."

"ఆవిడేం వ్యాపారం చేస్తుంది?"

"చేసేది ఆయనే. బోర్డు మీద పేరు ఆవిడది."

ఆ మాటంటూ మా గేటు వైపు చూసింది. చూడలేదేమో, నాకలా అనిపించింది.

"ఆఫీసువాళ్లు ఏదో పొరపాటు చేసుంటారు. సారుకి చెప్తానుండు."

"ఈ సంతకం మీదేగా?"

కాగితం అందుకున్నాను. దరఖాస్తుదారు తెలిపిన చిరునామాలో ఎటువంటి వ్యాపారమూ లేదని స్వయంగా పరిశీలించితిని. కింద నా సంతకం, గుండ్రంగా, ముచ్చటగా.

"నేను చదవలేదే..."

"మీరు డిగ్రీ చదివారు కదక్కా," అంది. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆయన్ని అడిగాను. "సిమెంటాయన మనకి కావలసినవాడు. సంచులావిడ సంగతి వచ్చేసారి చూద్దాం. నీకెందుకే ఈ తలనొప్పి?" అని టీవీ శబ్దం పెంచారు.

గురువారం పదకొండింటికి మున్సిపల్ ఆఫీసులో ఆ జాబితా మీద అభ్యంతరాలు వింటారు. ఆయన వెళ్లిన అరగంటకి ఇంటికి తాళం వేసి నేనూ బయల్దేరాను. ప్రమాణం చేసిన రోజు తర్వాత ఆ మెట్లెక్కడం అదే. హాలు గుమ్మంలో అటెండరు అడ్డొచ్చాడు.

"సారు లోపలున్నారు మేడమ్. పిలవనా?"

"వద్దులే బాబూ. మీటింగు నాదే."

లోపల నాలుగు బల్లల మీద ఆడవాళ్ల పేర్లున్నాయి. ఆ పేర్ల వెనక కూర్చున్న నలుగురికీ మీసాలున్నాయి. నా పేరు వెనక మా ఆయన. నన్ను చూసి హడలిపోయి, "ఏమైంది? గ్యాస్ లీకైందా?" అన్నారు.

"లేదు. కాస్త లేస్తారా?"

లేచారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడకి ఆనుకున్నారు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. అంతమందిలో నేను కాక ఆడమనిషి ఒక్కతే, వెనక బెంచీ మీద సంచులావిడ. నవ్వబోయాను. తల తిప్పేసుకుంది. ఇంట్లో ఒక్కదాన్నే గడిపే మధ్యాహ్నాలే నయమనిపించింది.

గుమస్తా నిబంధన చదివాడు. ఇచ్చిన ధ్రువీకరణ తప్పని సభ్యురాలే చెబితే తప్ప జాబితా మారదు. చెబితే గది దరఖాస్తుదారుకి వెళ్తుంది, ఆ తప్పు సభ్యురాలి రికార్డుకెక్కుతుంది.

అధ్యక్షుడు నా తల మీదుగా గోడ వైపు చూసి, "సారేమంటారు?" అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఈలోగా నేను లేచి నిలబడ్డాను. సంచులావిడ ఇప్పుడు నన్నే చూస్తోంది.

"ఆవిడ మిషన్ల చప్పుడు పొద్దస్తమానం మా వంటింట్లోకి వినిపిస్తుంది. అయినా అక్కడ వ్యాపారం లేదన్న కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టాను. ఆఫీసు మీదికీ, ఇంట్లోవాళ్ల మీదికీ నెట్టను. తప్పు నాదే. రాసుకోండి."