బాల్కనీ బకెట్టులో హంగామ్

నేను ఒక పెయింటు బకెట్టును. లోపల ఏముందో ఒంటిమీదే పెద్ద అక్షరాలతో అచ్చువేసి నన్ను పుట్టించారు. అందుచేత మనుషుల్లా లోపలొకటి పెట్టుకుని పైకొకటి చెప్పడం నాకు చేతకాదు. కాకినాడలో కామేశంగారింట్లో పెళ్ళికి ముందు గోడలకు లేతపసుపు రంగు వేయించినప్పుడు ఆ ఇంటికి వచ్చాను. రంగు గోడలెక్కింది, నేను మిగిలాను. కామేశంగారి భార్య సత్యవేణి నన్ను కొబ్బరిపీచుతో తోమితోమి, తడిబట్టలు వేసుకునే పనికి పెట్టుకుంది.

ఆ పెళ్ళి వాళ్ళబ్బాయి ఫణిది. బెంగుళూరులో తనతో పనిచేసిన మణిపూర్ అమ్మాయిని చేసుకుని, ఇక్కడే ఉద్యోగం చూసుకుని కాపురానికి తీసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు మేంచా. సత్యవేణికి నోరు తిరగక "మంచీ" అనేది. దాంతో కోడలిమీద ఎంత కోపమొచ్చినా "మంచీ!" అనే అరవవలసి వచ్చేది.

ఒకనాడు సత్యవేణి పేరంటానికి వెళ్ళిన సమయం చూసి, మేంచా ఇనపచువ్వ ఎర్రగా కాల్చి నా అడుగున చిల్లులు పెట్టింది. ఆ మంట సంగతి అడక్కండి. ఎర్రమట్టీ, మాగిన పేడ ఎరువూ, కొబ్బరిపొట్టూ కలిపి నా నిండా పోసింది. అత్తగారు తిరిగొచ్చేసరికి నేను బాల్కనీలో మట్టితో బరువెక్కి కూర్చున్నాను.

"నిక్షేపంలాంటి బకెట్టుకి చిల్లులెట్టేసేవేంటే మంచీ!"

"నీళ్ళు కిందికి పోవాలత్తయ్యా. లేకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయి."

"ఇంతకీ ఏంటిదంతా?"

"హంగామ్."

"ఆ హంగామా నాకూ కనపడతానే ఉంది. ఏం మొక్కేస్తున్నావో చెప్పు."

కామేశంగారు పేపరు చాటునుంచి కల్పించుకున్నారు. "వాళ్ళ భాషలో హంగామంటే ఆవకూరటే. ఆవమొక్క ఆకులు కోసి వండుకుంటారట."

"ఆవాలు పోపులోకిగానీ, ఆకు తినడమేంటండీ, విడ్డూరం!"

"గోంగూర లేందే ముద్ద దిగనిదానివి, నువ్వా ఆ మాటనేది?" అన్నారాయన.

సత్యవేణి మూతి ముడుచుకుని వంటింట్లోకి పోయింది. అది ప్రమాదమని ఆ ఇంట్లో నాకూ తెలుసు. మర్నాడు కోడలు గదిలో ఆఫీసు పనిలో ఉండగా చప్పుడు చెయ్యకుండా వచ్చి, అదే మట్టిలో పిడికెడు తోటకూర విత్తనాలు చల్లి పోయింది. బకెట్టు ఆవిడది, హక్కు వదులుకోదలచుకోలేదు.

రెండూ కలిసే మొలిచాయి. మేంచాకి సంగతి ఇట్టే తెలిసిపోయింది. అత్తగారిని అడగలేదు. పొద్దున్నే నీళ్ళు పోసే వంకన తోటకూర మొలకల్ని ఏరి పారేసేది. మధ్యాహ్నం సత్యవేణి వచ్చి కోడలి మొలకల్ని పీకేది. కళ్ళజోడు పెట్టుకుంటే దొంగతనానికి వచ్చినట్టుంటుందని కాబోలు, అది లేకుండానే వచ్చేది. అందుచేత తన మొలకల్ని కూడా తనే పీకేసుకునేది. కామేశంగారు మాత్రం పేపరు కొంచెం దించి రెండు పూటలా చూసేవారు. ఆ పేపర్లో ఆయనకంత మంచి వార్త మరోటి దొరికేది కాదు.

కొన్నాళ్ళకి నాలో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. మేంచా నా పక్కన చతికిలబడింది.

"పోతేపోనీ, మళ్ళీ చల్లుకో" అంది సత్యవేణి తేలిగ్గా.

"ఇంక లేవత్తయ్యా. అవి మా అమ్మమ్మ ఎండబెట్టి దాచిన విత్తనాలు. కిందటి చలికాలంలో అమ్మమ్మ పోయింది." ఆ పిల్ల ఏడవలేదు. లేచి చేతులు కడుక్కుని లోపలికెళ్ళిపోయింది.

సత్యవేణి కళ్ళజోడు తెచ్చుకుని, వంగి నా మట్టంతా వేలితో కెలికి చూసింది. ఒక్క మొలకైనా దొరుకుతుందేమోనని ఆవిడ ఆశ. దొరకలేదు.

ఆ సాయంత్రమే వంటింట్లోంచి పోపులపెట్టె పట్టుకొచ్చి, అందులో ఆవాలు తీసి నాలో చల్లింది. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ, "మొలవండమ్మా, నా పరువు నిలబెట్టండి" అని బతిమాలేది. నన్ను బట్టల బకెట్టుగా వాడుకున్న రోజుల్లో అంత మెత్తగా ఆవిడెప్పుడూ మాట్లాడలేదు. చివరికి మొలిచాయి.

"మంచీ, ఇలా రా! నీ హంగామా లేటుగా మొలిచిందే!"

మేంచా వచ్చి ఒక ఆకుని రెండువేళ్ళతో పట్టుకుని చూసింది. సన్నగా, గరుగ్గా ఉంది. మరో ఆకు తిప్పి చూసింది, అదీ అంతే.

"అవునత్తయ్యా," అంది. "లేటుగా మొలిచాయి."

ఆకులు ఎదిగాక బంగాళాదుంపలూ పచ్చిమిరపకాయలూ వేసి కూర వండింది. కాస్త ఘాటుగా ఉందని వంకపెడుతూనే సత్యవేణి మారు వడ్డించుకుంది. ఆ మర్నాడు మేంచా ఇంఫాల్‌లో ఉన్న వాళ్ళమ్మకి వీడియోలో నన్ను చూపించింది. ఆవిడ చూసీచూడగానే, "ఇవి మనవి కావే, ఆకు చూడు" అంది వాళ్ళ భాషలో. వాళ్ళ ఫోను కబుర్లు ఎన్నాళ్ళుగానో వింటున్నాను గనక నాకు అర్థమైంది.

మేంచా అత్తగారివైపు తిరిగి, "బాగా పెంచారంటోంది" అని తెలుగులో చెప్పింది.

"ఊరుకోవే. వదినగారి మొహం అలాగ లేదు." సత్యవేణి గొంతు తగ్గిపోయింది. "అవి పోపులపెట్టెలోవే మంచీ. నీవి నేనే పీకేశాను."

"నాకు ఆకు చూడగానే తెలిసిందత్తయ్యా." మేంచా తల దించుకుంది. "మీ తోటకూర నేను పీకాను."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. కామేశంగారు పేపరు మడుస్తూ, "హమ్మయ్య! ఇన్నాళ్ళూ ఇద్దర్నీ చూస్తూ నవ్వు ఆపుకోలేక చచ్చేననుకోండి" అన్నారు.

ఇద్దరూ ఒక్కసారే ఆయనవైపు తిరిగారు.

"అయితే అంతా తెలిసే కూర్చున్నారన్నమాట!"

ఆ రోజునుంచి నాకు నీళ్ళు పోయడం, ఆకుల కింద పురుగులేరడం ఆయన పనైపోయింది. పేపరు ఏనాడూ రెండో పేజీ దాటడం లేదు.

మొన్న ఇంఫాల్‌నుంచి ఫోనొచ్చింది. అమ్మమ్మ ఎప్పుడో పొరుగావిడకి పంచిన విత్తనం పంట ఇంకా నడుస్తూనే ఉందట. అందులోంచి గుప్పెడు కొంగున కట్టుకుని మేంచా వాళ్ళమ్మే స్వయంగా వస్తోందట. అప్పటినుంచి సత్యవేణికి కాలు నిలవడం లేదు. వియ్యపురాలిని వాళ్ళ భాషలోనే పలకరించాలని పట్టు. కోడలి దగ్గర ఒక్క మాట నేర్చుకుంది. తప్పుపోతే నవ్వుతారని ఎవరిముందూ అనదు. పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి బాల్కనీలోకి వచ్చి, కొంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, ఒక పాత పెయింటు బకెట్టుకు వంగి దణ్ణం పెడుతుంది.

"ఖురుంజరీ వదినగారూ!"