హారీతి వాటా

మెట్టుగూడ బుద్ధవిహారం గచ్చు తుడిచి, మరో బకెట్టు మంచినీళ్లు తెచ్చి గేటు పక్కనున్న పోచమ్మ రాయి మీద పోశాడు భద్రయ్య. పదిహేడేళ్లుగా అంతే. అరవై దాటిన బక్కమనిషి. ఎడమ మోకాలు వంగదు. బుద్ధుడికైనా పోచమ్మకైనా నిలబడే దండం పెడతాడు.

విహారం కార్యదర్శి సుమిత్ర స్కూటీ దిగుతూ చూసింది. వెనకే మేస్త్రీ పీరా వచ్చాడు. కట్టబోయే ప్రహరీ సరిగ్గా ఆ రాయి మీదుగా పోతుంది.

"ఏందన్నా ఇది? దేవతలను మొక్కనని బౌద్ధం తీసుకున్న దీక్షనాడు ప్రతిజ్ఞ చెయ్యలేదా? సాయంత్రానికి ఈ రాయి తీసెయ్యాలె."

ఆమె తాతను ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వలేదు. ఆ మంట ఆమెలో ఇంకా ఆరలేదు.

"చేసిన మేడం. నా బిడ్డకు ఒళ్లంత తల్లి పోసినప్పుడు నా పెండ్లాం ఈమెకే నీళ్లు పోసింది. బిడ్డ లేసింది. తర్వాత పెండ్లాం పోయింది. ఆమె పోసిన నీళ్లు నేనెట్ల ఆపాలె?"

సుమిత్ర లోపలికి వెళ్లిపోయింది.

భద్రయ్య చేతిలో చీపురుతోనే విహారంలోని వృద్ధ భిక్షువు దగ్గరికి వెళ్లాడు. "భంతేజీ, బుద్ధుడు అమ్మోర్లను ఎల్లగొట్టిండా?"

"హారీతి అని ఒక యక్షిణి ఉండేదట," అన్నాడు భంతే. "ఊళ్లో పిల్లలను తినేది. బుద్ధుడు ఆమె చిన్నకొడుకును భిక్షాపాత్ర కింద దాచాడు. కడుపుకోత ఏమిటో తెలిసొచ్చి ఆమె మారింది. మరి నేనేం తినాలని అడిగితే, మా విహారాల్లో రోజూ నీకు వాటా పెడతారన్నాడు."

"ఆమెనే మన పోచమ్మనా?"

"నాకు తెలియదు భద్రయ్యా. పిల్లల కోసం మాత్రం ఆమెను మొక్కేవాళ్లట."

ఆకులు ఊడుస్తున్నంతసేపూ భద్రయ్య అదే ఆలోచించాడు. పిల్లలను తిన్నదాన్ని కూచోబెట్టి అన్నం పెట్టిండా! పీరానూ ఆపి అడిగాడు. "మీల సుత గిట్లాంటి ముచ్చట ఉందా?"

"పిలగాండ్లకు జ్వరమొస్తే మేం దర్గాకు ఉరుకుతం, భయ్యా. అందరికీ అదే పరేషాన్."

భద్రయ్య నవ్వి, టిఫిను పట్టుకుని గేటు దగ్గర నీడకు నడిచాడు.

మూడింటికి చాయ్ తాగుదామని పీరా పిలిచాడు. గోడకు ఆనుకుని కూర్చున్న భద్రయ్య పలకలేదు. భుజం తట్టాడు. ఒళ్లు చల్లబడి ఉంది.

భంతే వచ్చి త్రిశరణం చదివాడు. సుమిత్ర రాయి ముందు చాలాసేపు నిలబడింది.

"పీరా భాయ్, గోడ ఈడ జెర వంచి కట్టు," అంది.

ఆమె కాళ్ల దగ్గర, రాయికి ఎదురుగా, భద్రయ్య టిఫిను మూత ఉంది. అందులో ఒక్క ముద్ద అన్నం, దాని మీద కొంచెం మామిడికాయ తొక్కు.