బీరువాలోని పదిహేడో పేజీ

నేను ఒక ఉద్యోగుల నియమావళిని. పుట్టింది పలాసలో, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో. నన్ను రాసింది లాయరు సుభాషిణి గారు.

ఎవరిదో పుణె కంపెనీ పుస్తకం తెచ్చి, పేరు మార్చి ఇమ్మన్నారు యజమాని జగ్గారావు గారు. ఆవిడ ఒప్పుకోలేదు. పప్పు ఏరే ఆడవాళ్లకు అర్థం కావాలని తెలుగులోనే రాశారు. పనిగంటలు, సెలవులు, ఫిర్యాదులు, ప్రతి వాక్యాన్నీ చట్టంతో సరిచూశారు. ఆ శ్రమంతా చూసిన జగ్గారావు గారు చదవకుండానే చివర దర్జాగా సంతకం పెట్టారు.

లేబర్ ఇన్‌స్పెక్టరు వస్తే చూపించాలి కదా అని మేనేజరు కూర్మారావు నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండేళ్లు అందరూ నన్ను చూశారు, ఒక్కరూ చదవలేదు. మనుషులకు పుస్తకం ఉంటే చాలు, సగం పని అయిపోయినట్టే.

ఈలోగా పప్పు ఏరే దమయంతికి ఏడో నెల వచ్చింది. మూడేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న మనిషి.

"దసరా దాకా సేసి మానీయమ్మా. పురుడయ్యాక ఖాళీ ఉంటే సూద్దుం" అన్నాడు కూర్మారావు. చెడ్డవాడేం కాదు, ఎప్పుడూ అలాగే జరుగుతోంది కాబట్టి అలాగే అన్నాడు. ఆమె తలూపి వెళ్లిపోయింది. అద్దం వెనక నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కావలసిన మాట నా పదిహేడో పేజీలోనే ఉంది.

ఆయుధపూజ వచ్చింది. మిషన్లకు, కాటాలకు, చివరికి తాళాలకు కూడా బొట్లు పెట్టారు. ఈసారి నన్నూ బయటికి తీశారు. పుస్తకానికి లోపలి పేజీలో బొట్టు పెట్టడం అక్కడి ఆచారం. కుంకుమ పళ్లెంతో వచ్చిన దమయంతి నన్ను తెరిచింది. విషయసూచికలో 'ప్రసూతి సెలవు' దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. పదిహేడో పేజీ తిప్పి, కూడబలుక్కుంటూ పైకే చదివింది. ఇరవై ఆరు వారాలు, జీతంతో. ఆ కారణంగా ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదు.

"ఇది పూజకెట్టినాం తల్లీ, ఇప్పుడెందుకు సదవడం" అన్నాడు కూర్మారావు.

"సివర సంతకం అయ్యగారిదే గదండీ" అంది ఆమె చివరి పేజీ తిప్పి, నెమ్మదిగా.

చేతిలో హారతి పళ్లెంతో జగ్గారావు గారు వంగి తన సంతకాన్ని చూసుకున్నారు. ఏరే ఆడవాళ్లంతా ఆయన వంకే చూస్తున్నారు.

"నాను సంతకం ఎట్టినాక ఇంకేటి. అందులో ఉన్నట్టే సేయండి" అన్నారు.

ఉగాది దాటాక దమయంతి మళ్లీ పనిలోకి వచ్చింది. ఇప్పుడు నేను ఏరే షెడ్డులో, మంచినీళ్ల కుండ పక్కన మేకుకు వేలాడుతున్నాను. పదిహేడో పేజీ నలిగి చిరిగింది. కొత్తది అచ్చు వేయిద్దామన్నాడు కూర్మారావు. దమయంతి వినలేదు. అన్నం మెతుకులతో కాగితం అతికించి, నన్ను మళ్లీ అదే మేకుకు తగిలించింది.