బసీలియా చేటలో ఆరు నాచులు

యాభై నాలుగేళ్ల వయసులో, నెత్తిన సొరకాయ డొప్ప టోపీతో, గుండె దడదడలాడుతుంటే పరీక్షకి పోయినవాడు ఇలోకోస్ తీరం మొత్తం మీద యుఫేమియో ఒక్కడే అయ్యుంటాడు. పరీక్ష పెట్టేది పంతులు కాదు, బసీలియా. మొగుడు పోయిన మనిషి, సముద్రపు నాచు కోసి అమ్ముకుంటుంది. అతను పెళ్లాం పోయిన రైతు, కొండల పక్కన వరి పండిస్తాడు. తీరానికి బియ్యం తెచ్చి అమ్ముకుంటూ ఆమె మీద మనసు పడ్డాడు. ఆ మాట బయటపెట్టడానికి అతనికి ఏడాది పట్టింది. జవాబివ్వడానికి ఆమెకి నిమిషం కూడా పట్టలేదు.

"మూడు ఆదివారాలు రండి. చేటలో నాచు పెడతాను. ఏది ఏదో చెబితే పెళ్లి. లేదంటే మనకి బియ్యం బేరమే."

మొదటి ఆదివారం పొక్పొక్లో అనే నాచుని పట్టుకుని, అరగాన్ అనే ఇంకో రకం పేరు చెప్పాడు. అసలు అరగాన్ చేతికి రాగానే ఏమనాలో తోచక "ఇది కూడా" అన్నాడు. రెండో ఆదివారం ఇంకా ఘోరం. చేటలో నల్లగా, పల్చగా, తడిసి ముద్దయి ఏదో కనిపిస్తే ప్లాస్టిక్ సంచి ముక్క కొట్టుకొచ్చిందనుకున్నాడు. సాయం చేద్దామని ఏరి పెరట్లోకి గిరాటేశాడు. అది గామెట్! చలిగాలి నెలల్లో ఆ ఊరి ఆడవాళ్లు ప్రాణాలకి తెగించి రాళ్ల మీంచి గీకి తెచ్చే సరుకు. కోడి దాన్ని కరుచుకుని పరిగెత్తుతుంటే బసీలియా ఆడపడుచు డమియానా నవ్వలేక అరుగు మీద కూలబడిపోయింది.

ఇవాళ మూడోది, ఆఖరిది. ఇదీ పోతే ఆమె గుమ్మం ముందు బియ్యం కొలిచి, ఎంతయిందో చెప్పి, తిరిగి పోవడమే బతుకంతా. ఆ ఊహకే వారం రోజులుగా అతనికి ముద్ద దిగలేదు. నాచు కోసే ఆడవాళ్ల వెంటపడి ఏది ఎక్కడ కోస్తారో అడిగాడు. సంతలో దొరికిన నాచంతా కొని ఇంట్లో గిన్నెల నిండా పెట్టుకున్నాడు.

"వచ్చాడమ్మా పెళ్లికొడుకు!" అంది డమియానా గుమ్మంలోనే. "బసీలియా, నీ సరుకు దాచుకో. ఏరి పారేస్తాడు."

"లేదక్కా, ఈసారి చదువుకునే వచ్చాను."

"ఎవరి దగ్గరేం?"

"గేదె దగ్గర. దున్నుతున్నంతసేపూ పేర్లన్నీ అప్పజెప్పాను. దానికి మొత్తం వచ్చేసింది."

"అయితే దాన్నే పంపకపోయావా? మా వాళ్లకి నచ్చేదేమో."

బసీలియా నవ్వు బిగబట్టుకుని చేట తెచ్చి అతని ముందు పెట్టింది. యుఫేమియో చేతులు లాగుకి తుడుచుకున్నాడు. చిన్న చిన్న పచ్చ పూసల గుత్తిని ఎత్తి "అరరోసెప్" అన్నాడు. ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉన్న పచ్చ కొమ్మని తడిమి "పొక్పొక్లో" అన్నాడు. సేమియాలా సన్నగా ఉన్నది గురామన్. గోధుమరంగు దాని మీద గాలిబుడగల్ని వేళ్లతో టప్‌మనిపించి, ఇది అరగాన్ కాకపోతే నా చెవి కోసుకుంటానన్నాడు. ఇక నల్లగా పల్చగా ఉన్నదాన్ని రెండు చేతులా భద్రంగా ఎత్తి, కోడి ఎక్కడుందో ఒకసారి చూసుకుని, "గామెట్" అన్నాడు.

"ఐదు," అంది డమియానా, ఒప్పుకోక తప్పక.

ఆరోది పొడుగాటి పచ్చటి పట్టీ. ఎవరూ తినరు కాబట్టి సంతకి రాదు. అతను దాన్ని జన్మలో చూడలేదు. పొలంలో ఏ మొక్క పీకినా ముందు మొదలు చూడటం అలవాటైన చెయ్యి, దాన్ని దానంతటదే తిరగేసింది.

"ఇది నాచు కాదు," అన్నాడు.

"అయిపోయింది!" డమియానా చప్పట్లు చరిచింది. "రిబ్బను నాచు. మా అమ్మమ్మ నాటి నుంచీ రిబ్బను నాచే. పాపం, ఒడ్డు దాకా వచ్చి మునిగాడు."

"ఇది గడ్డి అక్కా."

"సముద్రంలో గడ్డా? తోలుకురా నీ గేదెని, మేసి పోతుంది!"

"ముప్ఫై ఏళ్లు కలుపు తీసినవాణ్ణి, నాకు తెలీదా? ఇదిగో గణుపు. ఇవిగో మట్టిలోకి దిగిన వేళ్లు." పట్టీ మొదట్లో బొచ్చుబొచ్చుగా ఉన్న కాయ తెంపి గోటితో చీల్చాడు. "ఇవి గింజలు. మిగతా ఐదింట్లో ఒక్కదానికి గింజ చూపించు, ఇప్పుడే లేచి పోతాను."

డమియానా నిజంగానే ఐదూ వెతికింది, ఒక్క గింజా దొరకలేదు. బసీలియా ఒక గింజని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించింది.

"పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నా కాళ్లకి చుట్టుకుంటోందిది," అంది. "ఒక్కనాడూ విప్పి చూడలేదు."

"ఇంతకీ పాసా, ఫెయిలా?" అంది డమియానా.

"ఇంకొకటి అడగాలి వదినా." ఆమె ముఖంలో నవ్వు పోయింది. "గామెట్‌కని చెప్పి పోయి, మధ్యాహ్నమైనా నేను రాలేదనుకోండి. ఎక్కడ వెతుకుతారు?"

"ఉత్తరం కొసన. అల నేరుగా కొట్టే నల్లరాళ్ల దగ్గర."

"అరరోసెప్‌కి పోతే?"

"లోపలి మడుగులో, మోకాలి లోతు నీళ్లలో."

బసీలియా తల ఊపింది. "మా ఆయన మంచివాడు. కానీ ఆయనకి అన్నీ నాచే. ఒక ఏడు ఆ రాళ్ల మధ్య నా కాలు ఇరుక్కుంది. గామెట్‌కని చెప్పే వెళ్లాను. ఆయన మడుగంతా వెతికాడు. నీళ్లు నా గడ్డం దాకా వచ్చాక వదిన వచ్చి లాగింది."

"ఏడ్చుకుంటూ వెతికాడు మా తమ్ముడు," అంది డమియానా. "ప్రేమకేం తక్కువలేదు వాడికి. గామెట్ ఎక్కడ పెరుగుతుందో తెలీదు, అంతే."

ఇక్కడ అబద్ధమాడటం యుఫేమియో వల్ల కాలేదు.

"నాకు ఈత రాదు," అన్నాడు. "ఆ రాళ్ల మీదికి నేను రాలేను. డమియానా అక్క ఇంటిదాకా పరిగెత్తి, ఏ రాళ్లో చెప్పగలను. నావల్ల అయ్యేది అంతే."

బసీలియా చేట తీసుకుని లేచింది.

"రేపు పొద్దున నేను గామెట్‌కి పోతున్నాను," అంది అతన్ని చూస్తూ.

"మంచిది, జాగ్రత్తగా వెళ్లిరండి," అని యుఫేమియో కూడా లేచాడు. బియ్యం బేరమే మిగిలిందనుకుని మెట్టు దిగబోయాడు.

డమియానా అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"నీ దుంపతెగ, ఎక్కడికి పోతావయ్యా? మా తమ్ముడు పోయి నాలుగేళ్లు. ఎక్కడికి పోతుందో ఇది ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు, నాక్కూడా. ఇవాళ నీకు చెప్పింది. కూర్చో!"