కొండ దిగిన క్లబ్‌హౌస్

నా ఎడమ చేతికి మూడే వేళ్లు. మిగతా రెంటినీ మా అక్క లియోకాదియా నా సుత్తితోనే చితక్కొట్టింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. విన్నాక మీరే అంటారు, ఇంకో రెండు తగిలించాల్సిందని.

మా ఊరి సముద్రపు ఒడ్డున గోల్ఫ్ మైదానం వేసినప్పుడు ఇంజనీరు గ్యారిక్ వెనక మేకులు మోసింది నేనే. నాలుగు నెలలు ఆయన వేలు చూపించిన చోటల్లా కొయ్య మేకు దిగ్గొట్టాను. అన్నిటికంటే ముందు పాతించింది క్లబ్‌హౌస్ మేకు. అది ఎక్కడుంటే ఆట అక్కడే మొదలు. తొమ్మిదో గుంత తిరిగి అక్కడికే రావాలి, పదోది మళ్లీ అక్కణ్ణుంచే బయల్దేరాలి, పద్దెనిమిదోది దాని వరండా ముందే ముగియాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం?

ఆ మేకు సరిగ్గా గుట్టమీద, మా అక్క వంటింట్లో పడింది. భూమి కాగితాలు మైదానం వేసే కంపెనీ చేతిలో ఉన్నాయి. బావ ఒవిదియో మచ్చుకత్తి నూరుకుంటూ, గుమ్మం తొక్కిన మొదటివాడి తల తెగ్గొడతానన్నాడు. అన్నాడంటే చేస్తాడు. కోడిపందెంలో ఒకడి చెవి కోసిన మనిషి. ఇల్లు పోకుండా, బావ జైలుకెళ్లకుండా నేనే చక్రం తిప్పాలనుకున్నాను.

"గుట్టమీదైతే ఆడి ఆడి అలిసిపోయినోళ్లు చివర్లో ఎక్కలేక చస్తారు సార్," అన్నాను ఒకరోజు. "పైగా సాయంత్రం ఎండ కళ్లల్లో కొడుతుంది. కింద ఒడ్డున పెట్టండి, హాయిగా సముద్రపు గాలి."

గ్యారిక్ నా వీపు చరిచాడు. "క్రెసెన్సియో, నువ్వు మేకులు కొట్టాల్సినవాడివి కాదోయ్!"

ఆ ఒక్క మాటకే ఉబ్బిపోయాను. క్లబ్‌హౌస్ కొండ దిగింది. అక్క అరటికాయ ముద్ద మీద రెండు గుడ్లు వేయించి పెట్టింది. బావ రమ్ము పోసి, "ఇన్నాళ్లకి మగాడివనిపించుకున్నావురా" అన్నాడు.

వారం తిరక్కుండా గ్యారిక్ పటమంతా మార్చేశాడు. పాత పటంలో గుంతలన్నీ ఒడ్డు మూలకి అల్లంత దూరం నుంచే వెనక్కి మళ్లేవి. ఇప్పుడు ఆ మూలే ఆటకి గుమ్మమైంది. పద్దెనిమిదో గుంత వరస మేకులు కొట్టుకుంటూ, తల వంచుకుని, ఈల వేసుకుంటూ పోయాను. తల ఎత్తేసరికి బాదం చెట్ల కింద, సున్నం వేసిన చిన్న సిలువ ముందున్నాను. అది నెరెయిదాది, మా అక్క కూతురు. నాలుగేళ్లకే జ్వరంతో పోయింది. బాదంకాయలు ఏరుకునే చోటే దానికి గొయ్యి తవ్వాం. తవ్వింది నేనే.

మేకు అప్పటికే సగం దిగింది. అక్క గుట్టమీంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏం పాతుతున్నావురా అక్కడ?"

"ఉత్త మేకే అక్కా. ఆయనతో మాట్లాడతాగా..."

"నిన్ను ఇల్లడిగానా? ఇల్లేముందిరా, నాలుగు రేకులు! ఎక్కడైనా ఏసుకునేదాన్ని. పిల్లనెక్కడికి మోసుకెళ్లను?"

సుత్తి లాక్కుంది. నా చెయ్యి మేకు మీదే ఉంది. మొదటి దెబ్బ మేకుకేనేమో. రెండోది మాత్రం నాకే. నేను చెయ్యి తీయలేదు.

కట్టు కట్టుకుని గ్యారిక్ దగ్గరికెళ్లి, ఆ గుంతని పక్కకి జరపమన్నాను. "క్లబ్‌హౌస్ పునాదులు తవ్వేశారు. పద్దెనిమిదోది వరండా ముందే ముగియాలని నీకు నేను చెప్పాలా?" అన్నాడాయన.

మూడో రోజు పొద్దున్నే బాదం చెట్ల మీదికి బుల్డోజర్ వచ్చింది. బావ దానిమీదికెక్కి డ్రైవరు భుజాన్ని ఎముక కనపడేలా నరికాడు. కాపలావాళ్లు ఐదుగురు ఆయన్ని కిందికి లాగి, పడ్డాక కూడా కర్రలు విరిగేదాకా కొట్టారు. అక్క ఒకడి చెయ్యి కండ ఊడేలా కొరికింది. అడ్డం పోయిన నాకు తుపాకీ మడమతో మూతి పగిలింది. రక్తం ఉమ్ముతూనే చూశాను, వేర్లతో సహా లేచిన చెట్టు కింద సిలువ నలిగిపోయింది.

బావ ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఇల్లు మాత్రం నిలిచింది. దాని గుమ్మంలోంచి పద్దెనిమిదో గుంత జెండా తిన్నగా కనిపిస్తుంది. సాయంత్రం బంతి గుంతలో పడగానే వరండాలో వాళ్లు చప్పట్లు కొడతారు. అక్క తలుపు మూసేస్తుంది.

ఆదివారాలు వెళ్లి తలుపు తడతాను. లోపల్నుంచే అంటుంది, "ఇల్లు కాపాడావుగా. చూసుకుని పో."